బ్యాటింగ్ జట్టు కుర్రాడే అంపైరైతే...

వేసవి సెలవుల్లో వీధి క్రికెట్ ఆడినవాళ్లకి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. అంపైర్ ఎప్పుడూ బ్యాటింగ్ జట్టు కుర్రాడే! ఫీల్డింగ్ చేసేవాళ్లకి ఉన్న మనుషులే చాలరు. ఖాళీగా అరుగు మీద కూర్చున్నవాడు బ్యాటింగ్ జట్టులోనే దొరుకుతాడు. వాణ్నే లాక్కొచ్చి వికెట్ల వెనక నిలబెట్టేవాళ్లం. రనౌట్ అంటూ అవతలివాళ్లు గొంతు చించుకుంటుంటే, వీడు తలొంచుకుని చెప్పు కొనతో మట్టి గీకుతుండేవాడు. ఔటిస్తే సొంత జట్టు తంతుంది. ఇవ్వకపోతే అవతలి జట్టు బ్యాటు పట్టుకుని ఇంటికెళ్లిపోతుంది.

అగ్రరాజ్యం అమెరికా తన ఎన్నికల్ని ఇంచుమించు ఈ పద్ధతిలోనే జరుపుకుంటుందంటే నమ్ముతారా? నేనూ నమ్మలేదు, అట్లాంటా పక్కన ఉండే మా పెద్దమ్మ కొడుకు చెప్పేదాకా.

అన్నయ్య పాతికేళ్ల క్రితం సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు. గ్రీన్‌కార్డు ఉన్నన్నాళ్లూ పన్నులు కట్టడమే తప్ప ఓటు లేదు. పౌరసత్వం వచ్చాక మొదటిసారి 2018 నవంబరులో ఓటేశాడు. ‘ఆ జాబితా చూసి కళ్లు తిరిగాయిరా’ అన్నాడు. గవర్నర్ ఒక్కడేనా... డిప్యూటీ గవర్నర్, అటార్నీ జనరల్, వ్యవసాయ కమిషనర్, బీమా కమిషనర్, స్కూళ్ల సూపరింటెండెంట్... మన దగ్గర ప్రభుత్వం నియమించే పదవులన్నిటికీ అక్కడ ఓట్లే! ఆ వరసలోనే ‘సెక్రటరీ ఆఫ్ స్టేట్’ అని ఒకటి. ‘అదేదో విదేశాంగ మంత్రి పదవి కదా, దానికి నేను ఓటేయడమేంటి’ అనుకున్నాడట. తర్వాత తెలిసింది, అది వేరు, ఇది వేరు అని.

పేరొకటే, పని వేరు

వాషింగ్టన్‌లో కూర్చుని ప్రపంచదేశాలతో మాట్లాడేది కేంద్రప్రభుత్వపు సెక్రటరీ ఆఫ్ స్టేట్. రాష్ట్రాల్లోనూ అదే పేరుతో ఒక పదవి ఉంటుంది. అమెరికాలోని 50 రాష్ట్రాల్లో 47 చోట్ల ఉంది. మొదట్లో ఈయన రాష్ట్రప్రభుత్వానికి గుమస్తాల్లోకెల్లా పెద్ద గుమస్తా. చట్టాల అసలు ప్రతులు దాచడం, ప్రభుత్వ ముద్ర భద్రపరచడం, కంపెనీలు నమోదు చేయడం... ఇవీ పనులు. కొన్ని రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్సులు కూడా ఈయన కార్యాలయమే ఇస్తుంది. కాగితాలన్నీ ఆయన దగ్గరే ఉంటాయి కాబట్టి ఎన్నికల కాగితాలూ చాలాచోట్ల ఆయన దగ్గరికే చేరాయి. క్రమంగా అదే అన్నిటికన్నా పెద్ద పనైపోయింది.

పోలింగ్ బూత్‌లు నడిపేదీ ఓట్లు లెక్కపెట్టేదీ జిల్లా స్థాయి సిబ్బందే. కానీ ఓటర్ల జాబితా ఎలా ఉండాలి, ఏ యంత్రం వాడాలి, నిబంధనకి అర్థమేంటి అని చెప్పేది చాలా రాష్ట్రాల్లో సెక్రటరీయే. ఫలానావారు గెలిచారని చివర్లో సంతకం పెట్టేదీ ఆయనే. 35 రాష్ట్రాల్లో ఈ పదవికి జనమే ఓట్లేసి మనిషిని ఎన్నుకుంటారు. అభ్యర్థులు పార్టీ గుర్తింపుతో పోటీ చేస్తారు, విరాళాలు పోగేస్తారు, టీవీల్లో ప్రకటనలిస్తారు. అంటే... అంపైర్‌కీ ఎన్నికే. అంపైర్‌కీ పార్టీయే!

ఇదెక్కడి విడ్డూరం అనిపిస్తుంది కానీ, దీని వెనక ఒక మంచి ఉద్దేశమే ఉంది. 19వ శతాబ్దం మధ్యలో అమెరికా రాష్ట్రాలు తమ రాజ్యాంగాలు తిరగరాసుకున్నప్పుడు, పదవులన్నీ గవర్నర్ చేతిలోనో శాసనసభ చేతిలోనో ఉంటే తమ మనుషుల్నే కూర్చోబెడతారని జనం అనుమానించారు. ఎవర్నో నమ్మేబదులు మనమే ఎన్నుకుంటే పోలేదా అనుకున్నారు. పని బాగా చేయకపోతే నాలుగేళ్లకి దించేయొచ్చు కదా! ఆలోచన సబబుగానే ఉంది. చిక్కల్లా, అంపైర్ వేలెత్తాల్సిన బంతి సొంత జట్టుకే పడినప్పుడు వస్తుంది.

537 ఓట్లు

అలాంటి బంతి 2000లో ఫ్లోరిడాలో పడింది. అమెరికా అధ్యక్ష పదవి ఎవరిదన్నది ఆ ఒక్క రాష్ట్రం మీద ఆధారపడింది. దాదాపు 60 లక్షల ఓట్లు పోలైతే జార్జి బుష్, అల్ గోర్‌ల మధ్య తేడా వందల్లో ఉంది. చిల్లు సరిగా పడని ఓటు కాగితాల్ని భూతద్దాలు పెట్టి చూస్తున్న అధికారుల ఫొటోలు ఆ రోజుల్లో మన పత్రికల్లోనూ వచ్చాయి.

అప్పుడు ఫ్లోరిడా సెక్రటరీ ఆఫ్ స్టేట్ కేథరిన్ హారిస్. 1998లో ఆ పదవికి ఎన్నికయ్యారు. రిపబ్లికన్. అంతవరకూ ఫర్వాలేదు. కానీ అదే రాష్ట్రంలో బుష్ ప్రచార సంఘానికి ఆమె సహాధ్యక్షురాలు కూడా! ఇంకా చెప్పాలంటే రాష్ట్ర గవర్నర్ సాక్షాత్తూ అభ్యర్థి తమ్ముడు. రీకౌంటింగ్‌కి గడువు పొడిగించడానికి హారిస్ ఒప్పుకోలేదు. కోర్టులు జోక్యం చేసుకున్నాయి. చివరికి నవంబరు 26న 537 ఓట్ల తేడాతో బుష్ గెలిచారని ఆమె సంతకం చేశారు. డిసెంబరు 12న దేశ సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో ఓట్ల లెక్కింపు ఆపేసింది.

హారిస్ నిబంధనల ప్రకారమే చేశారని ఒకపక్షం, పార్టీకోసం చేశారని మరోపక్షం ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటాయి. ఎవరిది నిజమన్నది పక్కన పెట్టండి. ఆమె దేవుడి మీద ప్రమాణం చేసి న్యాయంగానే సంతకం పెట్టారనుకున్నా, ఓడినవాళ్లలో ఎంతమంది నమ్ముతారు? అదీ అసలు నష్టం. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లు తాగాడనే అంటారు లోకులు.

ఫ్లోరిడా ప్రజలు ఈ పదవికి ఎన్నిక తీసేయాలని అంతకు రెండేళ్ల ముందే, 1998లోనే తీర్మానించారు. 2003 నుంచీ గవర్నరే నియమిస్తున్నారు. చిత్రమేంటంటే గవర్నరూ పార్టీ మనిషే కదా!

హారిస్ కథ ఒక్కటే కాదు. 2004లో ఒహాయో సెక్రటరీ కెన్ బ్లాక్‌వెల్ కూడా తమ రాష్ట్రంలో బుష్ ప్రచారానికి సహాధ్యక్షుడే. ఓటరు నమోదు దరఖాస్తు ఫలానా మందం కాగితం మీద ఉంటేనే తీసుకోవాలని ఆదేశమిచ్చి, గొడవయ్యాక వెనక్కి తీసుకున్నారాయన. 2018లో మా అన్నయ్య ఉండే జార్జియాలోనైతే సెక్రటరీగా ఉన్న బ్రయాన్ కెంప్ ఆ పదవికి రాజీనామా చేయకుండానే గవర్నర్‌గా పోటీ చేశారు. ప్రత్యర్థి స్టేసీ అబ్రామ్స్ మీద సుమారు 55 వేల ఓట్లతో గెలిచారు. పోలింగయిన రెండురోజులకి సెక్రటరీ పదవి వదిలారు. ఇక్కడైతే అంపైరే బ్యాటు పట్టాడన్నమాట!

అన్నయ్య వెళ్లని పోలింగ్

కెంప్ ఖాళీ చేసే కుర్చీకి కూడా 2018 నవంబరులోనే పోలింగ్ జరిగింది. రిపబ్లికన్ల తరఫున బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్ అనే సివిల్ ఇంజినీరు, డెమోక్రాట్ల తరఫున జాన్ బారో. ఇద్దరికీ ఇంచుమించు 49 శాతం చొప్పున వచ్చాయి. జార్జియా నిబంధన ప్రకారం సగానికి మించి రావాలి. రాకపోతే మొదటి ఇద్దరికీ మళ్లీ పోటీ. దాంతో డిసెంబరు 4న రెండోసారి పోలింగ్ పెట్టారు.

నవంబరులో 39 లక్షలమంది దాకా ఓటేసిన రాష్ట్రంలో డిసెంబరు పోలింగ్‌కి వచ్చింది 15 లక్షలమంది లోపే. గవర్నర్ ఎవరో తేలిపోయింది, ఈ గుమస్తా పదవికోసం చలిలో ఎవరు వెళ్తారు! ‘నేనూ వెళ్లలేదు. ఆరోజు ఆఫీసులో ఏదో మీటింగ్’ అన్నాడు అన్నయ్య. రాఫెన్స్‌పర్గర్ సుమారు 52 శాతం ఓట్లతో గెలిచారు. ఆయన పేరు కూడా అన్నయ్యకి గుర్తులేదు.

రెండేళ్లు తిరిగేసరికి ఆ పేరు ప్రపంచానికంతా తెలిసింది.

2020 అధ్యక్ష ఎన్నికల్లో జార్జియాలో 50 లక్షల ఓట్లు పోలైతే, జో బైడెన్‌కి డొనాల్డ్ ట్రంప్ కన్నా 11,779 ఓట్లు ఎక్కువ వచ్చాయి. ఓ సారి లెక్కపెట్టారు. కాదంటే కాగితాలన్నీ చేత్తో రెండోసారి లెక్కపెట్టారు. ట్రంప్ కోరితే యంత్రాలతో మూడోసారి లెక్కపెట్టారు. మూడుసార్లూ గెలిచింది బైడెనే. రాఫెన్స్‌పర్గర్ రిపబ్లికన్. తన ఓటు ట్రంప్‌కే వేశానని ఆయనే చెప్పుకున్నారు. అయినా ఫలితం మీద సంతకం పెట్టారు. సొంత పార్టీవాళ్లు రాజీనామా చేయమన్నారు. ఆయన భార్యకి ఫోన్లో బెదిరింపు సందేశాలు వచ్చాయి.

2021 జనవరి 2న స్వయంగా అధ్యక్షుడే ఫోన్ చేశారు. మాటలు గంటసేపు నడిచాయి. తనకి 11,780 ఓట్లు వెతికిపెడితే చాలన్నది ఆ సంభాషణ సారాంశం. తేడా కన్నా సరిగ్గా ఒక్క ఓటు ఎక్కువ! మీ దగ్గరున్న లెక్కలు తప్పు అని ఈయన మర్యాదగానే చెప్పారు. మర్నాడు ఆ ఆడియో బయటికొచ్చింది. దేశమంతా విన్నది.

‘ఆ ఆడియో వింటుంటే నాకు చెమటలు పట్టాయిరా’ అన్నాడు అన్నయ్య. ‘అవతల మాట్లాడుతున్నది దేశాధ్యక్షుడు. ఇవతల వింటున్నది, నేను ఓటేయడానికి బద్ధకించిన పదవిలోని మనిషి. ఆ కుర్చీలో ‘సరే సార్’ అనేవాడుంటే? వాణ్ని కూర్చోబెట్టడంలోనో ఆపడంలోనో నా పాత్రేమీ లేదు. నేను మీటింగ్‌లో ఉన్నాను.’

ఓటమి మంచిదైంది

ఆ ఫోన్‌కాల్‌తో ఒక్కసారిగా అందరి చూపూ ఈ పదవి మీద పడింది. 2021లో జార్జియా శాసనసభ చట్టం మార్చి రాష్ట్ర ఎన్నికల బోర్డు అధ్యక్షస్థానం నుంచి సెక్రటరీని తప్పించింది. మిషిగన్‌లో సెక్రటరీగా ఉన్న డెమోక్రాట్ జోసెలిన్ బెన్సన్‌ది మరో కథ. 2020 డిసెంబరులో ఒక రాత్రి నాలుగేళ్ల కొడుకుతో కలిసి ఇంట్లో క్రిస్మస్ అలంకరణ చేసుకుంటుంటే, తుపాకులు పట్టుకున్నవాళ్లతో సహా నిరసనకారులు ఆమె ఇంటి ముందుకొచ్చి కేకలేశారు.

2022లో ఈ పదవులకి మళ్లీ ఎన్నికలొచ్చాయి. 2020 ఫలితం దొంగ ఫలితమన్నవాళ్లు పలు రాష్ట్రాల్లో సెక్రటరీ పదవికి పోటీ పడ్డారు. ఎన్నడూ ఎవరికీ పట్టని ఎన్నిక, టీవీ చర్చలకెక్కింది. జార్జియాలో రాఫెన్స్‌పర్గర్‌ని ఓడించడానికి ట్రంప్ మద్దతుతో సొంత పార్టీ ఎంపీయే దిగారు. అయినా మేలో జరిగిన పార్టీ పోటీలో రాఫెన్స్‌పర్గరే గెలిచారు. నవంబరులో డెమోక్రాట్ బీ న్గుయెన్ మీదా గెలిచారు. అరిజోనాలో మార్క్ ఫించెమ్ సుమారు లక్షా 20 వేల ఓట్ల తేడాతో అడ్రియన్ ఫాంటెస్ చేతిలో ఓడిపోయారు. మిషిగన్‌లో బెన్సన్ భారీ ఆధిక్యంతో తిరిగి ఎన్నికయ్యారు. నెవాడాలో మాత్రం రెండు శాతం చిల్లర తేడాతోనే సిస్కో అగిలార్ గట్టెక్కారు. వయోమింగ్ లాంటి రిపబ్లికన్ కంచుకోటల్లో 2020 ఫలితాన్ని అనుమానించినవాళ్లే నెగ్గారు.

అన్నయ్య ఆసారి పోలింగ్ రోజుదాకా కూడా ఆగలేదు. ముందస్తు ఓటింగ్ మొదలైన వారంలోనే వదినని తీసుకుని వెళ్లి వేసొచ్చాడు. ఎవరికేశావని నేనడగలేదు. అతనూ చెప్పలేదు.

మన అంపైర్ సంగతి

‘హమ్మయ్య, మనకీ బాధ లేదు’ అనుకుంటున్నారా? నిజమే, మన రాజ్యాంగంలో 324వ అధికరణం ఎన్నికలన్నిటినీ ఒక కమిషన్‌కి అప్పగించింది. ప్రధాన ఎన్నికల కమిషనర్‌ని తీసేయాలంటే సుప్రీంకోర్టు జడ్జిని తీసేసినంత తతంగం ఉండాలి. ఆ కుర్చీలో కూర్చున్న తొలి మహిళ మన తెలుగావిడే. పశ్చిమగోదావరి జిల్లా చేబ్రోలులో పుట్టిన వి.ఎస్.రమాదేవి. 1990 నవంబరు 26 నుంచి డిసెంబరు 11 వరకూ, నిండా మూడు వారాలైనా లేరు. ఆమె తర్వాత వచ్చిన టి.ఎన్.శేషన్ ఆరేళ్లపాటు ఏం చేశారో పెద్దవాళ్లు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు.

కానీ మనకున్న ప్రశ్న వేరు. వాళ్లకి అంపైర్‌ని జనం ఎన్నుకుంటే తంటా. మనకి ఎవరు నియమించాలన్నది తంటా. 2023 మార్చిలో సుప్రీంకోర్టు, చట్టం వచ్చేవరకూ ఎంపిక సంఘంలో ప్రధాని, ప్రతిపక్ష నేతతోపాటు ప్రధాన న్యాయమూర్తీ ఉండాలంది. అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు చేసిన చట్టం ప్రధాన న్యాయమూర్తి స్థానంలో ఒక కేంద్రమంత్రిని పెట్టింది. దీనిమీద వాదోపవాదాలు సాగాయి. అంతదాకా ఎందుకు, పంచాయతీ ఎన్నికలు జరిపే రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పదవీకాలాన్ని 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సుతో తగ్గిస్తే అప్పటి కమిషనర్ నిమ్మగడ్డ రమేష్‌కుమార్ పదవి పోయింది. మే నెలాఖర్లో హైకోర్టు ఆ ఆర్డినెన్సుని కొట్టేశాక జులైలో తిరిగి వచ్చారు.

అంటే ఎన్నుకున్నా గొడవే, నియమించినా గొడవే. మరి ఏ పద్ధతి మంచిది? ఈ ప్రశ్న మా నాన్నని అడిగాను. ఆయన రిటైరైన లెక్కల మేష్టారు. సర్వీసులో ఉండగా ఎన్నికల డ్యూటీ తప్పించుకోని బహుకొద్దిమందిలో ఒకరు.

ఒక్క ఓటు తేడా

నాన్న జవాబు చెప్పలేదు. 2009 ఎన్నికల కథ చెప్పారు. పార్లమెంటుకీ అసెంబ్లీకీ ఒకేరోజు పోలింగ్. బూత్‌లో రెండు యంత్రాలు. ఆయన ప్రిసైడింగ్ ఆఫీసర్. అయిదింటికి గేటు మూసి, వరసలో నిలబడ్డవాళ్లకి చివరి మనిషి నుంచి మొదలుపెట్టి చీటీలిచ్చారు. ఆఖరి ఓటూ పడ్డాక లెక్క చూస్తే పార్లమెంటు యంత్రంలో 743, అసెంబ్లీ యంత్రంలో 742. ఎవరో ఒకరు మొదటి యంత్రం కుయ్యిమనగానే పనైపోయిందనుకుని రెండోది నొక్కకుండానే వెళ్లిపోయారన్నమాట.

ఏజెంట్లలో ఒకాయన ‘ఒక్కటే కదా మేష్టారూ, ఎవరో ఒకరం నొక్కేస్తే లెక్క సరిపోతుంది. మీకూ రాత్రికి త్వరగా తెమిలిపోతుంది’ అన్నాడట. మిగతా ఏజెంట్లూ ‘కానివ్వండి’ అన్నారట. అన్ని పార్టీలూ ఒకమాట మీదకొచ్చిన సందర్భం ఆరోజుకి అదొక్కటే!

‘మరి మీరేం చేశారు?’

‘క్లోజ్ బటన్ నొక్కేశాను. ఇక ఎవరూ నొక్కడానికి లేదు కదా! ఒకటి తక్కువొచ్చిందని డైరీలో రాసి, ఏజెంట్లందరికీ లెక్క కాగితాలిచ్చి సంతకాలు పెట్టించాను. యంత్రాలు అప్పగించేచోట ఆ ఒక్క ఓటుకీ గంటసేపు సంజాయిషీ చెప్పుకోవాల్సొచ్చింది. ఇంటికొచ్చేసరికి తెల్లవారుజామున మూడు.’

ఆ తెల్లవారుజాము నాకు గుర్తుంది. అమ్మ తలుపు తీస్తూ ‘ఇంతసేపా’ అని విసుక్కుంది. నాన్న కాళ్లు కడుక్కుని మజ్జిగన్నం తినేసి పడుకున్నారు. ఏం జరిగిందో మాకెవరికీ చెప్పలేదు. చెప్పుకోదగ్గ సంగతని ఆయనకి తోచి ఉండదు.

మొన్న ఆదివారం అన్నయ్య వీడియోకాల్ చేసినప్పుడు ఈ కథ మళ్లీ చెప్పించాను. అన్నయ్య అంతా విని, ‘బాబాయ్, మా దగ్గర అడిగింది 11,780. నిన్నడిగింది ఒకటి. ఇచ్చేస్తే ఏమయ్యేది?’ అన్నాడు నవ్వుతూ.

నాన్న నవ్వలేదు. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు పెట్టే మొహం పెట్టారు.

‘లెక్కలో తప్పు తప్పేరా. పక్కన ఎన్ని సున్నాలున్నాయని కాదు’ అన్నారు. కాస్త ఆగి, ‘అయినా నన్ను అడిగినవాళ్లు టీ తెప్పించి అడిగారు. నీ దగ్గర ఆయన్ని అడిగినవాడు దేశాధ్యక్షుడు. ఆయన గొప్పే గొప్ప. అలాంటివాళ్లకి ఓటేయడానికి ఆఫీసులో సెలవు పెట్టాలిరా నాన్నా’ అన్నారు.

అట్లాంటాలో అన్నయ్య తలొంచుకుని మేజా మీద గోటితో గీకుతూ ఉండిపోయాడు, అచ్చం మా వీధి అంపైర్‌లాగే!